అలికిన రోడ్డు

పోయిన నెల ఒక ఉదయం మా ఇంటికొచ్చే హిందీ పేపర్లో ఆ రోడ్డు గురించి అరపేజీ వేశారు. శబరి ఒడ్డున మొదలై గొల్లపల్లి వైపు పోయే మా ఊరి దారి ఇప్పుడు రాజ్యమార్గ్, అంటే రాష్ట్ర రహదారి, అయిందట, వెడల్పు చేశారట, ఆ సాయంత్రమే మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరిస్తారట. ఎక్కడ మొదలవుతుంది, ఏయే వాగులు దాటుతుంది, ఎక్కడ ఆగుతుంది అని వరసగా రాసి, చివర్న చరిత్ర అని నాలుగు ముక్కలు పెట్టారు. బస్తర్ సంస్థానం రోజుల్లో ఒక పెద్ద దొరగారి ముందుచూపు వల్ల ఈ రోడ్డు పుట్టిందట. చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందుచూపట! ఆ దొర ముందుచూపుతో మట్టి మోశాడా? దిమ్మిస ఎత్తి కొట్టాడా? పేపరును ముద్దచేసి పొయ్యిలో పెడదామని లేచాను. గ్యాసు పొయ్యి, అందులో ఏం పెడతాను నా మొహం! ఆ ముద్ద చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే ఫోను మోగింది. ఊరి నుంచి మా తమ్ముడి కొడుకు. "చిన్నత్తా, పెద్దత్త పోయింది. పొద్దుగాల అంబలి తాగింది, గోడకానుకొని కూసున్నది, గంతే" అన్నాడు.

పెద్దత్త అంటే మా ముత్తక్క. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆమెకు ఎడమ పాదం లేదు, పదహారో ఏట పోయింది. ఆ తర్వాత ఊతకర్ర పట్టుకుని, పెళ్ళీ పెటాకులూ లేకుండా, నాయన కట్టిన ఇంట్లోనే తమ్ముడి పిల్లల్ని పెంచుతూ, రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని చింతపండూ ఇప్పపువ్వూ అమ్ముతూ బతికింది. "ఈ రోడ్డు కింద నా కాలున్నది, ఎవరన్న ఎత్కపోతరేమో అని కావలుంటున్న" అని లారీవాళ్ళతో వేళాకోళమాడేది. వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది కాదు, నాకెప్పుడూ కోపమే. గీదంలో బడిపంతులమ్మగా పనిచేసినన్నాళ్ళూ పిల్లలకు హిందీలో పాఠాలు చెప్పాను, సంతలో హల్బీ మాట్లాడతాను, పక్కింటివాళ్ళతో గోండీ కలుపుతాను. కానీ తిట్టాలంటే మాత్రం నాకు తెలుగే కావాలి. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.

ఆ రోజుల్లో రోడ్డంటే తారు కాదు, కంకర కూడా కాదు. అడవి కొట్టి, మట్టి పోసి, మీద ఎర్రటి మొరం పరిచి, దిమ్మిసలతో కొట్టిన ఎత్తుబాట. ప్రతి వానాకాలం దాన్ని సగం తినేసేది. తినేసినంతా మళ్ళీ పూడ్చడం ఊళ్ళ పని. కూలి లేదు, తిండి పెట్టరు, రానంటే వీపు పగులుతుంది. దాన్నే బేగారి అనేవాళ్ళు. ఇంటికింత అని రోడ్డును ముక్కలు చేసి పంచేవాళ్ళు. మా ముక్కకు ఈ చివర సున్నం కొట్టిన రాయి ఒకటి, ఆ చివర ఒకటి. సరిగ్గా కార్తీకంలో, వరి వంగి కోతకొచ్చి, అడవి పందులు ఎప్పుడు పడి తింటాయోనని ఇంటిల్లిపాదీ మంచె మీదుండే రోజుల్లో హుకుం వచ్చేది. అమ్మ సొరకాయ బుర్రలో అంబలి పోసి, మూతికి మోదుగాకు కుక్కి, ఉప్పూ ఎండుమిరపకాయలూ మూటగట్టేది. నాయన పారకు కామ బిగించి, తలపాగాను వదులుగా చుట్టుకునేవాడు. పొలానికి పోయేటప్పుడు బిగించి చుట్టేవాడు, బేగారికి పోయేటప్పుడు మాత్రం వదులు. పైవాడు ఎవడైనా కనబడితే చటుక్కున తీసి చేతిలో పట్టుకోవాలి కదా. ఆ వదులు తలపాగా ఇప్పటికీ కళ్ళ ముందు కనబడితే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. సాయంత్రం ఇంటికొస్తే నాయన ఒంటి నుంచి మొరం దుమ్మూ చెమటా కలిసిన వాసన వేసేది. అమ్మ వేన్నీళ్ళు తోడి పెట్టేది. ఆయన పోసుకుని, ఎడ్లకు గడ్డి వేసి, అప్పుడు అన్నానికి కూర్చునేవాడు. ముందు ఎడ్లు తినాలి, తర్వాతే ఆయన.

ఆ ఏడు హుకుం తెచ్చింది ఒక జమాదారు. ఎక్కడివాడో ఎవరికీ తెలీదు. హిందీ హల్బీ కలిపి మాట్లాడేవాడు, తెలుగులో నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు, ఆ నాలుగూ తిట్లే. పెద్ద దొర మోటారులో వస్తున్నాడన్నాడు. రోడ్డు ఏక్‌దం సాఫ్‌గా ఉండాలన్నాడు. మోటారు పోయేదాకా దాని మీద మనిషి అడుగు గానీ ఎద్దు గిట్ట గానీ పడకూడదనీ, ఎక్కడ గుర్తు కనబడ్డా ఆ ముక్కవాడే కాదు, ఊరంతా మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలనీ చెప్పి, "సమజ్ అయిందా?" అన్నాడు. నాయన తలపాగా చేతిలో పట్టుకుని, "అయింది మాలిక్" అన్నాడు.

ఏం సమజ్ అయింది? సాఫ్ అంటే మావాళ్ళకు తెలిసిన సాఫు ఒక్కటే, వడ్లు నూర్చే కళ్ళం. కళ్ళాన్ని ఎలా చేస్తాం? చెక్కి, తడిపి, గట్టిపరిచి, మీద పేడ అలుకుతాం. అలికిన కళ్ళం మీద ఎవరూ చెప్పులతో నడవరు, ఆరేదాకా కోడిని కూడా రానివ్వరు. "కళ్ళమోలె జేద్దాం. దొర గాదు, దొర తాత జూసినా పేరు పెట్టలేడు" అన్నాడు నాయన. జమాదారు అడగలేదు, దొర అడగలేదు, ఈ లోకంలో ఏ సర్కారూ అడగలేదు. అది మా నాయన బుర్రలో పుట్టింది. మా ముక్కను చూసి పక్క ముక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు, వాగు దాకా రోడ్డుకు పేడ అలికారు. మోటారు నడిచే రోడ్డుకు! ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వండి. ఊళ్ళో పేడ చాలక ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని మందల వెంట అడవిలోకి పోయారు. మా ఇంటి వాకిలి అలుక్కోవడానికి ఆ వారం పిడికెడు పేడ మిగల్లేదు.

అలకడానికి ముందు రోజు దిమ్మిస కొడుతున్నాం. దిమ్మిస అంటే పిడులున్న బరువైన కొయ్యమొద్దు, ఇద్దరు కలిసి ఎత్తి నేలకేసి కొట్టాలి. ఒక పక్క అక్క, ఒక పక్క అమ్మ, ముందు నీళ్ళు చల్లుతూ నేను. చెట్టుకు కట్టిన ఉయ్యాలలో మా తమ్ముడు గుక్కపట్టాడు. అమ్మ చూపు అటు పోయింది, పిడి జారింది, మొద్దు ఒరిగి అక్క ఎడమ పాదం మీద పడింది. బొటనవేలి గోరు లేచిపోయి, పాదం పైన చర్మం చీలింది. అమ్మ పసుపు అద్ది, పసరు పిండి, పాత పంచె చింపి కట్టు కట్టింది. జమాదారు గుర్రం మీంచి వంగి చూసి "చల్తా హై" అన్నాడు. అంతే. మర్నాడు అదే కాలితో అక్క పేడనీళ్ళలో నిలబడి రోజంతా అలికింది. అలకడం ఆడవాళ్ళ పని కాబట్టి నేనూ అలికాను. నా వరసలు వంకరటింకరగా వస్తుంటే అక్క కుంటుతూ నా వెనకే వచ్చి చేత్తో సరిచేసేది. "పిల్లి గీకినట్టున్నదే నీ అలుకుడు, దొర మోటారు జారి పడ్డదనుకో, నిన్నే అడుగుతరు" అని నవ్వేది. సాయంత్రానికి పని అయింది. నిజం చెప్పొద్దూ, బాగుంది. రాయి నుంచి రాయి దాకా ఒక్క గీత లేకుండా, ఎండకు లేతపచ్చగా ఆరుతూ ఉంది. నాయన ఆ చివర గొంతుక్కూర్చుని చుట్ట వెలిగించుకుని, దాన్ని చూస్తూ చుట్ట ఆరిపోయిన సంగతి కూడా మరిచాడు.

దొర వస్తాడన్న రోజు పొద్దున అక్క కాలు మోకాలి దాకా వాచింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, కట్టు విప్పితే వాసన. శబరి ఒడ్డున దవాఖానా ఉంది, మూడు కోసుల దూరం. మంచం కట్టి అడ్డదారిన మోసుకుపోదామంటే మగవాళ్ళు లేరు, తోరణాలు కట్టడానికి జమాదారు అందరినీ వాగు దగ్గరికి తోలుకుపోయాడు. ఊళ్ళో మిగిలిన మగవాడు నాయన ఒక్కడే, రోడ్డును ఎవరూ తొక్కకుండా కాపలా. ఆయన బండి కట్టి, మెత్తగా గడ్డి పరిచి, అక్కను ఎత్తి పడుకోబెట్టాడు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని ఎక్కింది, నేనూ ఎక్కాను. బండి రోడ్డు దాకా వచ్చింది. అక్కడ అడ్డంగా వెదురు గడ ఉంది. జమాదారు చెబితే ముందు రోజు నాయన కట్టిందే.

ఒక పీచుతాడు, ఒక ముడి. లాగితే ఊడేది. నాయన దిగి ఆ ముడి మీద చెయ్యి వేశాడు. వేసి అలాగే నిలబడ్డాడు. అమ్మ అరిచింది, "ఏంది జూస్తవు? ఇప్పు! పిల్ల సచ్చిపోతది, ఇప్పు!" నాయన రోడ్డు వైపు చూశాడు. మా ముక్క, దాని తర్వాత ఊరందరి ముక్కలూ ఎండి గట్టిపడి ఉన్నాయి, ఎక్కడా ఒక్క గుర్తు లేదు. "ఇనుప పట్టా చక్రం, చీరేస్తది" అన్నాడు. "మనదొక్కటే గాదు. అందరిది చీరేస్తది. మళ్ల అందరు రావాలె. చేన్లు పందులపాలైతయి." చెయ్యి తీసేశాడు. ఎడ్ల పగ్గాలు పట్టుకుని బండిని పక్కకు, మొరం తవ్విన గుంతల్లోకి దించాడు.

ఆ గుంతలు మేం తవ్వినవే. రోడ్డును ఎత్తు చేసిన మట్టంతా వాటిలోంచి తీసిందే. వానకు నిండి, పైన పచ్చిక, కింద బురద. బండి ఒక్కో గుంతలోకి దిగి ఎక్కినప్పుడల్లా అక్క పళ్ళ బిగువున మూలిగేది. రోడ్డు మా పక్కనే ఎత్తుగా, పొడిగా, ఖాళీగా ఉంది. చెయ్యి చాపితే అందేది. నేను చాపి ముట్టుకున్నాను కూడా, అరచేతికి వెచ్చగా తగిలింది. ఊరు దాటీ దాటకముందే చక్రం ఇరుసు దాకా దిగబడింది. నాయన భుజం పెట్టాడు, అమ్మ తమ్ముణ్ణి గట్టు మీద దించి వెనకనుంచి తోసింది, నేను తోశాను. ఎద్దు ఒకటి మోకాళ్ళ మీద కూలబడి లేవనంది. కొమ్మలు నరికి చక్రం కింద వేసి, మళ్ళీ తోసి, మళ్ళీ వేసి, ఎండ నడినెత్తికొచ్చేదాకా అక్కడే. "నాయనా, పైకెక్కిద్దాం నాయనా" అని నేను ఏడ్చాను. "నోర్ముయ్" అన్నాడు. ఆయన నన్ను ఆ మాట అన్నది బతుకులో అదొక్కసారే.

వాగు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తోరణాల కింద మా ఊరి మగవాళ్ళు దిక్కులు చూస్తూ కూర్చున్నారు. అవతలి ఒడ్డు నుంచి మోటారు వచ్చిన గుర్తులు నీళ్ళ దాకా ఉన్నాయి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగిన గుర్తులూ ఉన్నాయి. "దొర రాడట" అన్నాడు ఒకాయన. "వాగు జూసిండు, మోటరు దిగదన్నరు. గాడనే చెట్టు కింద ఫలారం జేసి మళ్లిండు." అందరూ పట్టి మా బండిని వాగు దాటించి రోడ్డెక్కించారు. దవాఖానాలో కాంపౌండరు మధ్యాహ్నం దాకా ఉన్నాడట, దొర వెనక్కొచ్చి ఆ ఊళ్ళో దిగాడని తెలిసి దండం పెట్టుకోవడానికి పోయాడట. పొద్దు వాలాక వచ్చి కాలు చూసి తల అడ్డంగా ఊపాడు. పొద్దున తెచ్చి ఉంటే కోసి చీము తీసేవాణ్ణనీ, ఇక తన చేతుల్లో లేదనీ, పడవెక్కించి గోదావరి వైపు పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మనీ అన్నాడు. అక్కడ ప్రాణం నిలబెట్టారు, పాదం తీసేశారు.

నెల తర్వాత ఇంటికొచ్చేసరికి ఊళ్ళో వానలు పడి వెలిశాయి. మా ముక్క మీద పేడలో ఉన్న గింజలన్నీ మొలిచి, రాయి నుంచి రాయి దాకా సన్నటి పచ్చిక లేచింది. ఒక్క మోటారు చక్రం దాని మీద తిరగలేదు. జమాదారు వచ్చి, సర్కారీ రోడ్డు మీద గడ్డి పెంచారని తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ వాడి, అంతా చెక్కించాడు. నాయన తలపాగా తీసి పక్కన పెట్టి, వంగి చెక్కాడు. అక్క గుమ్మంలో కూర్చుని చూసింది. ఆ పేపరువాడు ఎదురుపడితే కాలరు పట్టుకుని, ఈ ముక్క కూడా వెయ్యరా చరిత్రలో, అని అడగాలని ఉంది.

సంస్థానం పోయింది, బేగారి పోయింది. రోడ్డు మీద కంకర పడింది, బస్సొచ్చింది. ఆ తర్వాత దాన్ని ఒకళ్ళు తవ్వారు, ఇంకొకళ్ళు పూడ్చారు, పక్కన పోలీసు క్యాంపులు లేచాయి. ఆ కథలు చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. నాయన మాత్రం చచ్చేదాకా ఆ రోడ్డు మీద నడవలేదు. ఎంత ఖాళీగా ఉన్నా పక్క గుంతల అంచునే, చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాడు. అది చూస్తే నాకు మండిపోయేది. ఒకసారి సెలవులకు వచ్చి అన్నం దగ్గర అనేశాను, "ఆ ముడి ఇప్పి ఉంటే అక్క ఇయ్యాల రెండు కాళ్ళ మీద నడిచేది. నీకు కూతురి కన్న పేడ ఎక్కువైంది." ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టి, చెయ్యి కడుక్కుని, ఎడ్ల కొట్టంలోకి పోయాడు. మేమిద్దరం మళ్ళీ దాని సంగతి ఎత్తలేదు. ఆయన పోయినా నా కోపం పోలేదు.

అక్క మాత్రం నన్ను వదిలేది కాదు. నేను ఎప్పుడు ఊరికిపోయి నాయనను తిట్టడం మొదలుపెట్టినా, చింతపండు గింజలు తీస్తూ ఒకే మాట అడిగేది. "ఊకో నర్సీ. నువ్వయితే ఏం జేసెటోదానివే?" "ముడి ఇప్పేదాన్ని. నడిమిట్లకెళ్లి తోలేదాన్ని" అనేదాన్ని. "అబ్బో, తోలేదట! నోటితోని తోలుతవు గాని" అని నవ్వేది. "కాలు నాది. నాకు లేని కోపం నీకెందుకే?" నేను మూతి ముడుచుకుని లేచిపోయేదాన్ని. ఆమెకు కోపం ఎందుకు రాదో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఆ రోజు గీదంలో బస్సెక్కి, శబరి ఒడ్డున దిగి, ఆటో మాట్లాడుకుని ఊరి మొదటికి చేరేసరికి సాయంత్రమైంది. ఆటో ఆగింది. రోడ్డుకు అడ్డంగా వెదురు గడ, దానికి రంగు కాగితాలు. గడ పక్కన ఒక కానిస్టేబులు. "గాడీ బంద్ అమ్మా. మంత్రిజీ వస్తుండు. అయినంక పోదురు" అన్నాడు. ఈ గడ కోసమే ఇన్నేళ్ళూ కాచుకుని ఉన్నట్టు ఆటో దిగి అతని మీదికి పోయాను. "మా అక్క పోయింది. ఆమె కాలు తీసుకున్నది ఈ రోడ్డే. ఇప్పుడు పీనుగను చూడ్డానికి కూడా మీ దొరలు పోనివ్వరా?" అని అరిచాను. అనాల్సినవి ఇంకా బోలెడు ఉన్నాయి. అతను నా మొహం చూసి మెత్తబడ్డాడు. "అరే, అట్లనా. బంద్ గాడీలకే అమ్మా. నువ్వు నడిచి పో, ఎవరు గాదంటరు" అని గడ పైకెత్తి పట్టుకున్నాడు. మిగతా తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. వంగి గడ దాటాను. కొత్త తారు, మధ్యలో తెల్లగీత, ఒక్క టైరు గుర్తు లేదు. సంచి భుజానికి తగిలించుకుని నడిచాను. ఒక ఇరవై అడుగులు పోయానేమో, వెనకనుంచి కేక.

"అమ్మా! అండ్లెందుకు దిగినవ్? బురదున్నది. పైకి రా, రోడ్డు మీద నడువు!"

కిందికి చూసుకున్నాను. నేను గుంతలో ఉన్నాను. చెప్పులు చేతిలో ఉన్నాయి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఉన్నాను, బురద చీలమండల దాకా ఉంది. ఎప్పుడు దిగానో, చెప్పులు ఎప్పుడు విడిచానో తెలీదు. రోడ్డు పక్కనే నడుమెత్తున ఉంది. ఎక్కబోతే కాళ్ళు జారాయి. అతనే పరిగెత్తుకొచ్చి చెయ్యిచ్చి లాగాడు. అక్కణ్ణుంచి ఇంటిదాకా రోడ్డు నడిమధ్యనే నడిచాను, తారు మీద బురద అడుగులు వేసుకుంటూ, ఆ దొరనూ జమాదారునూ మంత్రినీ పేపరువాణ్ణీ వరసపెట్టి తిట్టుకుంటూ. నాయనను మాత్రం ఆ వరసలో కలపలేకపోయాను.

అక్కను వాకిట్లో పడుకోబెట్టి, నా కోసం ఆగారు. వాకిలి ఎవరో కొత్తగా అలికారు, పక్కన ఊతకర్ర పెట్టారు. కూర్చుని ఆమె చెవి దగ్గరికి వంగాను.

"నేను గూడ దిగిననే అక్కా" అన్నాను. "ఎవ్వరు దిగమనలే. నేనే దిగిన."